రాజు లండను వెడతాడా?

“మావారికి లండను బదిలీ అయింది. రాజును వదిలి రామని పిల్లలు ఒకటే గొడవ. కుక్కను వెంట తీసుకుపోవచ్చునా?” అని ఒక సోదరి అడిగారు.

నిక్షేపంగా తీసుకుపోవచ్చు. అయితే మీ ప్రయాణం ఖాయమైనంత తొందరగా రాజు ప్రయాణం ఖాయం కాదు. 2011 చివరిదాకా మన దేశంనుంచి వెళ్ళిన కుక్క బ్రిటన్‌లో ఆరు నెలలు క్వారంటైనులో వుండవలసి వచ్చేది. యిప్పుడు ఆ నిరీక్షణ ఏదో మన యింట్లోనే, పిల్లల మధ్యనే జరిగిపోతుంది.

ముందుగా చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు పెట్టించండి. రేబీస్ టీకా ఆ తరువాతనే. టీకా ముందు, చిప్పు తరువాత అయితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్ళీ వేయించాలి. టీకా వేసిన 30 రోజులు గడిచాక రక్తం తీయించి, ఆమోదం పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఫలితం బాగున్నా, రక్తం తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగవలసిందే. ఎందుకంటారా? పిచ్చికుక్క వ్యాధి వంట్లో ప్రవేశించినా నెలల తరబడి బయటపడకపోవచ్చు. టీకాకు ముందే సోకి వుంటే యీ గడువులో తెలిసిపోతుందని ఆశ.

లండను చేరడానికి ఒకటినుంచి అయిదు రోజుల ముందు డాక్టరు చేత బద్దెపురుగుల మందు వేయించాలి. హైదరాబాదులో వున్న కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైను కార్యాలయంలో పత్రాలు తీసుకోవాలి. పత్రాలలో లోపముంటే అక్కడ కుక్కను నాలుగు నెలలదాకా నిలిపివేయవచ్చు, తిప్పి పంపనూ వచ్చు. ఖర్చు మనదే.

పెద్దవాళ్ళకు మినహాయింపు వుంటుందనుకోకండి. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు రెండు బుల్లి కుక్కలను చెప్పకుండా ఆస్ట్రేలియా తీసుకుపోతే, వెనక్కి పంపకపోతే చంపవలసి వస్తుందని అక్కడి మంత్రి హెచ్చరించారు. కుక్కలు తిరుగు విమానం ఎక్కాయి. 2016లో ఆయన భార్య కోర్టు మెట్లెక్కారు.

కనుక మావారిని ముందు వెళ్ళనివ్వండి. నాలుగు నెలలు దాటాక మీరూ, పిల్లలూ, రాజూ కలిసి బయలుదేరండి. విమానంలో రాజుది సాధారణంగా సరుకుల అరలో పెట్టె ప్రయాణం. యిప్పటినుంచే ఆ పెట్టెలో పడుకోవడం అలవాటు చేయండి. రాజు ముసలివాడై, గుండె జబ్బుతో వుంటే మాత్రం, వాడికి చనువున్న బంధువుల యింట్లో వుంచడమే మేలు. పిల్లలు నాలుగు రోజులు ఏడుస్తారు. రాజు మాత్రం సుఖంగా వుంటాడు.