కొండమీది బిడ్డకు రెండేళ్ల మందు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పిల్లల రక్తక్యాన్సర్ గురించి అరకు, పాడేరు కొండల తరఫున రాస్తున్న ఉత్తరమిది. ఈ జబ్బు మందులో మన భీమవరం మనిషి చెయ్యి ఉంది కాబట్టి ముందు ఆయన మాట చెప్పి, తర్వాత మాకు కావలసింది అడుగుతాను.

అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు వాడి చూశారు. పదిమందిలో గుణం కనిపించింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. తేరుకున్న పిల్లలు మాత్రం కొన్ని వారాలకో నెలలకో మళ్లీ మంచాన పడ్డారు. జబ్బు పోయిందనుకున్నారు గానీ అది ఎముకల మూలుగలో దాగి ఉంది. ఇన్నేళ్లయినా వైద్యుల పోరు ఆ మిగిలిపోయిన కణాలతోనే.

జబ్బు బయటపడేనాటికి బిడ్డ ఒంట్లో క్యాన్సర్ కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయి. మొదటి నెల మందులయ్యాక మైక్రోస్కోపులో మూలుగ శుభ్రంగా కనిపించినా, వెయ్యి కోట్ల దాకా ఇంకా మిగిలి ఉండవచ్చు. కీమో మందులు ఎక్కువగా విభజన చెందుతున్న కణాలనే చంపుతాయి. మూలుగ చాటున నిద్రపోతున్నవి తప్పించుకుంటాయి. జబ్బును మళ్లీ మొదలుపెట్టగల, మూలకణాల్లాంటి కణాలను 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ రకంలో గుర్తించింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫాయిడ్ రకంలో వ్యవహారం అంత సూటిగా లేదు. అక్కడ రకరకాల దశల్లోని కణాలు జబ్బును తిరగబెట్టగలవు. అయితే 2016లో మ్యూనిక్ పరిశోధకులు ఒక మంచి సంగతి చూపించారు. మందుకు లొంగని ఆ నిద్ర కణాలను మూలుగలోంచి బయటికి తీస్తే మళ్లీ విభజన మొదలుపెట్టి మందుకు లొంగాయి. వాటి మొండితనం చాలావరకు అవి ఉన్న చోటు ఇచ్చిందే.

అందుకే వైద్యం రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. అందులో ఎక్కువ కాలం ఇంటి దగ్గర మింగే మాత్రలే: రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. రెండోది అమినోప్టెరిన్ జాతి మందే. నిద్రపోయే కణం ఏనాడు లేచినా ఒంట్లో మందు ఉండాలన్నది దీని వెనకున్న ఆలోచన. మెర్కాప్టోప్యూరిన్ మాత్రల్లో నూటికి తొంభై ఐదు కన్నా తక్కువ మింగిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండింతలకు మించుతోందని అమెరికాలో స్మితా భాటియా బృందం తేల్చింది. ఇంటి గుమ్మం దాకా కారు వచ్చే దేశంలో లెక్క అది.

మా దగ్గర బిడ్డకు జ్వరమొచ్చి, ఒళ్లు పాలిపోయి, కాళ్లు నొప్పులంటే మొదట తట్టేది మలేరియా, తర్వాత సికిల్ సెల్. తట్టడంలో తప్పు లేదు, ఏజెన్సీలో అవి ఉన్నవే. కానీ మలేరియా కాదని తేలాక కూడా జ్వరం విడవని బిడ్డకు అదే వారంలో పూర్తి రక్తపరీక్ష జరగాలి. స్లయిడును తెలిసిన కన్ను చూడాలి.

విశాఖ చేరిన బిడ్డకు దారి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. మొదటి నెలలు తల్లిదండ్రులు ఎలాగో అక్కడే పడి ఉంటారు. చిక్కంతా ఆ తర్వాతే. బిడ్డకు జుట్టు మొలుస్తుంది, ఆటల్లో పడతాడు. ఇక్కడ కాఫీ పళ్లు కోతకొస్తాయి. అరకు నుంచి విశాఖ దాదాపు 115 కిలోమీటర్లు, అదీ రోడ్డెక్కాక. రోడ్డెక్కేదాకా నడకో, డోలీయో. కళ్లముందు బాగున్న బిడ్డ కోసం కూలి పోగొట్టుకుని ఎవరు కొండ దిగుతారు? నేనైతే ఆ తల్లిని తప్పుపట్టను. తప్పు, మాత్రను విశాఖలోనే ఉంచిన ఏర్పాటుది.

ఆ రెండు మాత్రలూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, అరకు ఏరియా ఆసుపత్రిలో బిడ్డ పేరున అవి నిల్వ ఉండాలి. మాత్ర ఒక్కటే ఇచ్చి పంపితే సరిపోదు. మన దేశంలో కొందరు పిల్లలకు పుట్టుకతో వచ్చిన జన్యు తేడా వల్ల మెర్కాప్టోప్యూరిన్ మామూలు మోతాదే తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. కాబట్టి రక్తపరీక్ష కూడా అక్కడే చేసి, మోతాదు ఎంతో విశాఖ డాక్టరు ఫోనులో చెప్పాలి. మధ్యలో జ్వరమొస్తే మొదటి యాంటీబయాటిక్ అరకులోనే పడాలి, ఆ తర్వాతే అంబులెన్సు. మందు ఎందుకు మానకూడదో కువి భాషలోనూ, ఆదివాసీ ఒడియాలోనూ చెప్పే మనిషి ఒకరు ఉండాలి. దారి ఖర్చుతో పాటు పోయిన కూలి కూడా ఇవ్వాలి.

ఇంకొకటి. మొదటి నెల చివర, పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణమున్నా పట్టే పరీక్ష ఉంది. దాన్ని ఎంఆర్‌డీ అంటారు. ఎవరికి మందు పెంచాలో చెప్పేది అదే. కొండమీది బిడ్డ ఒక్కరికి కూడా ఆ పరీక్ష డబ్బుల్లేక ఆగకూడదు.

మంత్రి గారూ, మేము కొత్త భవనం అడగడం లేదు. వచ్చే కాఫీ కోతలు మొదలయ్యేలోగా పాడేరు, అరకు ఆసుపత్రులకు ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వండి.