బాంబు భద్రం, మరి జనం మాట?

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాదైనా కాలేదు. పడిన బాంబులకన్నా పుట్టిన భయం పెద్దది. బళ్లు కట్టుకుని కొందరు, మూటలు నెత్తిన పెట్టుకుని కొందరు పల్లెలకు తరలిపోయారు. పట్నం ఖాళీ అయింది.

నాటి బాంబు ఒకటి సాగరతీరాన మ్యూజియంలో ఉంది. ఉండవలసిందే. మరి ఆ జనానికి ఏ పల్లెలో అరుగులిచ్చారు, ఎవరింట గంజి పోశారు? పని వదిలి వెళ్లిన రేవు కూలీలు ఎలా బతికారు? 1948లో ‘జలఉష’ నీట దిగిన సంగతి పుస్తకాలకెక్కింది, ఇది ఎక్కవద్దా? నాటి పిల్లలు నేడు తొంభై ఏళ్ల వృద్ధులు. పంచాయతీల వారు, గ్రంథాలయాల వారు ఈ వేసవిలోనే వారి అరుగుల మీద కూర్చుని రాసుకోవాలి.