గడ్డ మీద కాపురమా, గద్వాలలో కాపురమా?

ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి కలిసినవారందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఇక ఎక్కడ స్థిరపడతారు?" పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణపు కొసన ఉన్న మా బోటివారికి ఆ ప్రశ్న కొంచెం చిత్రమైన రూపంలో ఎదురవుతుంది. ఒకవైపు గద్వాల పట్టణం. మరొకవైపు, అదే మండలంలో, జూరాల ఆనకట్టకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట గుర్రంగడ్డ అనే ఊరు. చుట్టూ నీరు, నడుమ పొలాలు, ఆ పొలాల మధ్య తరతరాలుగా కాపురముంటున్న జనం.

నా మిత్రుడొకరు, ఆయనా పంతులే, ఈ మధ్య మా ఇంటికి వచ్చి గడ్డ తరఫున గట్టిగా వాదించారు. "పింఛను వస్తది, పుస్తకాలున్నయి, ఇంక ఈ ఆటోల రొదల ఎందుకు సారూ? గడ్డ మీద రెండర్రలు ఏసుకొని కూసోండ్రి" అన్నారు. నేను నోరు విప్పక ముందే మా ఆవిడ, "అన్నా, రాత్రిపూట ఈయనకు గుండెల నొప్పి లేస్తే పుట్టి కోసం ఒడ్డున కూసోవాల్నా?" అన్నది. మిత్రుడు నవ్వి ఊరుకున్నారు. కాని ఆ ప్రశ్న నవ్వి వదిలివేయదగినది కాదని నాకు తోచి ఈ టపా వ్రాస్తున్నాను.

ముందుగా మాటల సంగతి చూద్దాము. నది నడుమ నేలను గోదావరి ప్రాంతం వారు లంక అంటారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివి అన్నారు, అదే దివిసీమ. మా వైపు గడ్డ. 'ద్వీపం' అన్న సంస్కృత శబ్దం 'ద్వి', 'అప్' అన్న రెండింటి కలయిక. రెండు వైపులా నీరు గలది అని అర్థం. దీవి దానికి వికృతి. ఈ మాటలో నీరు కనిపిస్తుంది గాని మనిషి నిలిచే నేల కనిపించదు. ఒడ్డున నిలబడి చూసేవాడి మాట అది. 'గడ్డ' మాత్రం ఆ నేల మీద కాళ్ళూని నిలిచినవాడి మాట. మనకు దూరం నుండి మనోహరంగా కనిపించేది ద్వీపం. అక్కడివారు దున్నుకొనేది గడ్డ. ఈ చర్చలో వచ్చే చిక్కంతా ఈ రెండింటినీ ఒకటిగా తలచడం వల్లనే.

ఎటువంటి ఊరిలో ఉండాలన్న ప్రశ్నకు మన పెద్దలు ఏనాడో లెక్క కట్టి పెట్టారు. సుమతీ శతకంలోని ఆ పద్యం చదవనివారు మనలో ఉండరు. అప్పు పుట్టాలి, వైద్యుడుండాలి, ఎడతెగని ఏరుండాలి, ద్విజుడుండాలి, ఇవి లేని ఊరు చొరవద్దని దాని సారాంశం. అప్పును నేటి బ్యాంకుగానూ, ద్విజుణ్ణి బడిగానూ చదువుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. చిత్రమేమిటంటే ఆ పద్యంలోని నాలుగూ ఒకదానితో ఒకటి పొసగి ఉంటాయని కవి భావించాడు. గుర్రంగడ్డలో అవి పొసగవు. ఏరు పుష్కలంగా ఉన్నది, ఆ ఏరే వైద్యుణ్ణి దూరం చేస్తున్నది. జూరాల గేట్లు ఎత్తితే పాయలు పొంగుతాయి, రాకపోకలు ఆగుతాయి. వేసవిలో నీరు సన్నగిల్లి బండలు తేలుతాయి. అంటే అదే ఊరు ఏడాదిలో కొన్ని నెలలు పల్లె, కొన్ని నెలలు ద్వీపం.

ఏరు లేని నిశ్శబ్దం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పక్కనున్న నల్లగొండ మెట్ట పల్లెలు కూడా ప్రశాంతమైనవే. కాని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో బోరునీటిలోని ఫ్లోరైడు ఎన్ని తరాల ఎముకలను వంచిందో లోకమంతా ఎఱుగును. కాబట్టి చుట్టూ కృష్ణ పారే నేలను తక్కువ చేసి మాట్లాడే అధికారం మెట్టప్రాంతపు మనిషినైన నాకు లేదు. అక్కడి రైతు ఆ గడ్డను వదలకపోవడంలో మొండితనం లేదు, వివేకమున్నది.

నది నడుమ ప్రశాంతతను కోరి వెళ్ళినవారు పూర్వమూ ఉన్నారు. మక్తల్ సమీపంలోని పంచదేవపహాడ్ రేవు నుండి భక్తులు దాటి వెళ్ళే కురువపురం ఇటువంటి గడ్డయే, రాయచూరు జిల్లాకు చెందినది. శ్రీపాద శ్రీవల్లభులు అక్కడ తపస్సు చేశారని భక్తుల విశ్వాసం. అయితే తపస్వి అన్నీ వదలి వెళ్ళాడు. పురుడు పోయవలసిన కోడలు, పరీక్షకు వెళ్ళవలసిన మనుమడు, మందులు అయిపోయిన ముసలితల్లి, ఇవేవీ ఆయన వెంట లేవు. గృహస్థుకు ఇవన్నీ ఉంటాయి. సన్యాసికి తగిన ఏకాంతాన్ని సంసారికి సిఫారసు చేయడం ఉచితం కాదు.

నిశ్శబ్దమే పరమార్థమైతే నాగార్జునకొండను చూడవచ్చును. సాగరం నిండిన తరువాత లోయ మునిగి, కొండ కొస ద్వీపమై, ప్రదర్శనశాలగా మిగిలింది. పడవలో వెళ్ళి చూసి, తిరిగి రావలసిందే. అక్కడి నిశ్శబ్దం కాపురాలు లేని చోటి నిశ్శబ్దం.

పట్టణం పక్షాన అతిశయోక్తి చెప్పను. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు ఉప్పొంగినప్పుడు కర్నూలు వంటి నగరమే మునిగింది, అలంపురమూ మునిగింది. నది దృష్టిలో పట్నమూ పల్లే ఒకటే. అయినా గద్వాలలో రైలు జంక్షను ఉన్నది, 2016లో జిల్లా కేంద్రమైన తరువాత కార్యాలయాలు వచ్చాయి, కోటలో కళాశాల నడుస్తున్నది. పండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకొన్న ఊరు. అర్ధరాత్రి తలుపు తడితే పలికే పొరుగువారున్నారు. అరవై దాటినవాడికి ఆటోల రొదలోనే కొంత ధైర్యమున్నది. నేను గద్వాలనే ఎంచుకొంటున్నాను.

అయితే, నేను ఎంచుకొంటున్నాను అన్న మాట దగ్గరే నా మనసు ఆగుతున్నది. నాకు రెండు దారులున్నవి గనుక ఎంచుకొన్నాను. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఈ జిల్లాలోనూ కర్నూలు జిల్లాలోనూ ఊళ్ళకు ఊళ్ళు నీట మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు, అది మెచ్చదగిన పని. కాని ఊరిని అలా విప్పి మళ్ళీ కూర్చడం ఏ స్థపతికీ చేతకాదు. ఆ ఊళ్ళవారిని పల్లె కావాలా పట్నం కావాలా అని ఎవరూ అడగలేదు.

గుర్రంగడ్డవారిని మాత్రం ఎవరడిగారు? వెదురు అల్లి, పైన పట్టా తొడిగిన పుట్టిలోనో మరపడవలోనో ఏరు దాటుతూ వారు ఏళ్ళ తరబడి ఒక్క వంతెన అడుగుతూ వచ్చారు. పనులు మొదలైన తరువాత కూడా ఏళ్ళు గడిచాయి. ఇటువంటి చోట ఒక కుటుంబం పిల్లల చదువు కోసం గద్వాల చేరితే, "పల్లెను వదిలేస్తున్నారు" అని మనం నిట్టూరుస్తాము. అక్కడే ఉండిపోతే "ఎంత ప్రశాంతమైన జీవితం" అని ముచ్చటపడతాము. రెండూ వారు కోరి చేసినవే అయినట్లు మాట్లాడడం మనకు అలవాటైంది. వంతెన లేనిచోట ఉండటమూ పూర్తిగా ఇష్టం కాదు, వెళ్ళటమూ పూర్తిగా ఇష్టం కాదు.

వంతెన వస్తే ఆ ప్రశాంతత చెడిపోతుందని వాపోయే మిత్రులున్నారు. చెడవచ్చును. హారన్ల మోత వస్తుంది, ప్లాట్ల బేరగాళ్ళు వస్తారు. కాని ఆ నిశ్శబ్దాన్ని కాపాడే భారం గడ్డమీది బాలింత ఎందుకు మోయాలి? ఒక ఊరి విలువను మనకు వీలైన మాఘమాసంలో ఒడ్డున నిలబడి కట్టరాదు. శ్రావణ భాద్రపదాలలో, పాయ నిండుగా పారుతున్న రాత్రి, ఆ ఊరి గుమ్మంలో నిలబడి కట్టాలి.

మిత్రులారా, ఇది నా అభిప్రాయం. మీలో లంకలలో, దివిలో పుట్టినవారు ఉండే ఉంటారు. మీ ఊరికి వంతెన వచ్చిన తరువాత జనం వెళ్ళిపోయారా, తిరిగి వచ్చారా? తెలిసినవారు వ్యాఖ్యలో వ్రాయగలరు. మా ఆవిడ సమాధానం మాత్రం పైన వ్రాసినదే, అందులో మార్పు లేదు.