రెండక్షరముల ముద్ర

చలికాలము వచ్చినది. మా సెంటినరీ కాలనీలో మొదటి షిఫ్టునకు బోవువారి యిండ్ల తెల్లవారక మునుపే బకెట్లలో హీటరు రాడ్లు మునుగును. ఆ రాడ్డుపై "సీ.ఈ." యను నక్షరములున్న జాలునా యని పలువురడుగుచున్నారు.

చాలదు. ఇట్టి సామానుపై నాముద్ర పరీక్షాధికారి వేయునది కాదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ననుసరించితినని తయారుచేసినవాడే చెప్పుకొను మాట. అచ్చట నమ్ముటకే యది యవసరము. వారి 2014 నాటి నిర్దేశము 50 మొదలు 1000 వోల్టుల ఏ.సీ. కరెంటు సామానునకు వర్తించును గాన, మన 230 వోల్టుల రాడ్డును అచ్చట విక్రయించినచో నాముద్ర వలయును. వింత యేమన, ఇండ్లలోని ప్లగ్గులను మాత్రము ఆ నిర్దేశమునుండి మినహాయించిరి!

గోదావరిఖనిలో గొను రాడ్డునకు వలసినది ఐ.ఎస్.ఐ. ముద్ర. రాడ్లకును ఇస్త్రీపెట్టెలకును కేంద్రప్రభుత్వము 2003లో నుత్తరువుచే దీనిని నిర్బంధము గావించెను. ముద్రకుపైని ప్రమాణసంఖ్యయు, క్రింద "సీ.ఎం./ఎల్." తో మొదలగు లైసెన్సు సంఖ్యయు నుండవలయును. మా పొరుగింటి కోడలు తెచ్చిన రాడ్డుపై సీ.ఈ. తళతళలాడుచుండెనే గాని యివి లేవు. "పైదేశపు సరుకట అక్కా!" యనెను. మూడేండ్ల బిడ్డ తిరుగు ఇంట నది వలదని త్రిప్పి పంపించితిమి.

ముద్ర నెవడైనను అచ్చువేయగలడు. కావున ఆ లైసెన్సు సంఖ్యను "బీ.ఐ.ఎస్. కేర్" అను ఫోను యాప్‌లో వేసి చూడుడు, తయారీదారు పేరును, లైసెన్సు చెల్లుచున్నదో లేదో యనుటయు దెలియును. అంగడివాడు విసుగుకొన్నను డబ్బు చెల్లింపకమునుపే చూడుడు.