కిటికీని గోడ అంచుకు తోయకండి

భివండి రోడ్ స్టేషన్ దిగి పద్మానగర్ వైపు ఏ గల్లీలోకి తిరిగినా టేకు చౌకట్లు పీకి అల్యూమినియం స్లైడింగ్ పెట్టే పనే. పెట్టుకోండి, మేం వద్దనం. చెదలు తిన్న చెక్కను తాతల గుర్తు అని పట్టుకుని వేలాడేవాళ్లం కాదు మేము. కానీ కొత్త కిటికీని తీసుకెళ్లి గోడ బయటి అంచుకు బిగిస్తున్నారు చూడండి, మా కోపం దాని మీద.

మావాళ్లు కరీంనగర్ వైపు నుంచి సాంచాల పనికి వచ్చి కట్టుకున్న ఇల్లు ఇది. కింద సాంచాలు, మీద కాపురం. గోడ మందం 14 అంగుళాలు. పాత కిడికి (మా నాయనమ్మ మాట, కన్నడంలో కిటకి, ఇక్కడ ఖిడకీ, అన్నీ చుట్టాలే) గోడ నడిమధ్య ఉండేది. బయట కాస్త నీడ, లోపల పచ్చడి జాడీకి చోటు. కొత్త ట్రాక్ రెండున్నర అంగుళాలే. మిగతా లోతు ఎటు వదలాలన్నదే అసలు తగువు. "లోపల జాగా కలిసొస్తది" అంటాడు ఫిట్టర్. మా చిన్న కాకది కూడా అదే పాట.

జాగాతో పాటు వాన కూడా కలిసొస్తది! సోలాపూర్ చుట్టాలకు ఈ బాధ అంతగా తెలీదు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలితో అడ్డంగా కొడుతుంది. గోడతో సమంగా ఉన్న ఫ్రేముకు కాపు లేదు, ప్లాస్టర్‌కూ దానికీ మధ్య ఉన్నది ఒక్క సిలికాన్ గీత. కింద సాంచాలు ఆడుతుంటే గోడ వణుకుతూనే ఉంటుంది. ఆ గీత ఎన్నాళ్లు ఆగుతుంది?

మూడు నాలుగు అంగుళాలైనా లోపలికి జరపండి. బయటి గట్టు మీద రాయి వేయించి, బయటికి వాలు పెట్టించండి. రాయి గోడ దాటి అంగుళం ముందుకు రావాలి, అడుగున గాడి ఉండాలి. నీటిబొట్టు ఆ గాడి దగ్గరే రాలిపోతుంది, గోడ దాకా పాకదు. కొత్త విద్యేం కాదు, ఛజ్జా అడుగున మేస్త్రీలు తీసే గాడే. పాత చౌకట్టులో స్క్రూడ్రైవర్ దిగకపోతే దాన్ని పీకకుండా అందులోనే కొత్త ఫ్రేము కూర్చోబెట్టొచ్చు. వెలుతురు కొంచెం తగ్గుతుంది, ఒప్పుకుంటాం. సుత్తి దెబ్బలకు పై ఇటుకలు కదలడం కంటే నయం. కొలత మాత్రం పైన, మధ్యన, కింద తీసి చిన్నది పట్టుకోండి, పాత గోడలు సూటిగా ఉండవు.

ట్రాక్ అడుగున చిన్న బెజ్జాలుంటాయి, అందులోకి దిగిన నీళ్లు బయటికి పోవడానికే. చుట్టాలింట్లో ఫిట్టర్ వాటిని కూడా సిలికాన్‌తో మూసేశాడు, లీకేజీ రాకుండా అట! అసలే నూలు నూగు ఎగిరే ఊరు మనది, తెరిచి ఉన్న బెజ్జాలే పూడిపోతాయి. వానల ముందు పాత బ్రష్‌తో తోమాలి.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కొలువు. చదివింది కన్నడ మీడియం, వాక్యం వంకర పోతే సర్దుకోండి. మా దగ్గర పరీక్షించకుండా ఏదీ బయటికి వదలరు. నాలుగు నెలలు వాన తినే వస్తువుకు మాత్రం మెరుపు చూసి పైసలిచ్చేస్తున్నారు! ఆఖరి పైసలు ఆపండి. బయటి నుంచి పైపుతో పావుగంట నీళ్లు కొట్టించి, లోపలి మూలల్లో పొడి గుడ్డ పెట్టి చూడండి.

మా పడమటి గోడ కిటికీలు వచ్చే మే నెలలో మారతాయి. కాక ఇంకా ఒప్పుకోలేదు. జాగా కావాలంటే అల్మారా కొనిస్తాం కాకా, కిటికీ మాత్రం నాలుగంగుళాలు లోపలికే.