హార్మోన్లకు పథ్యం ఉందా?



"సిస్టరమ్మా, హార్మోన్లు తక్కువైనయంట, ఏం తినాల్నో జర చెప్పుండ్రి" అని మన ఓపీలో అడగని వారం లేదు. మోమిన్‌పేట్ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ళే కాదు, డిగ్రీ చదివే ఆడపిల్లలు కూడా ఇదే ప్రశ్న వేస్తున్నారు. ఒకరికి నెలసరి సరిగా రాదు. ఒకరికి రాత్రిపూట ఒంట్లో ఆవిర్లు, చెమటలు. ఇంకొకరికి నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి. వీళ్ళందరికీ ఎవరో ఒకరు "హార్మోన్ల తేడా" అనే మాట చెప్పి పంపుతున్నారు. ఇక అక్కడి నుంచి వెతుకులాట మొదలు. అవిసె గింజలు మంచివా, సోయా మంచిదా, మందుల షాపులో అమ్మే పొడి డబ్బా కొనాలా అని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మనం తినే తిండికి, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుకు సంబంధం ఉంది. అయితే ఏ తిండీ అండాశయం చేసే పనిని చేయలేదు. పొడి డబ్బాలు అమ్మేవాళ్ళు మొదటి మాట చెప్పి ఊరుకుంటారు. "తిండిలో ఏముందమ్మా, మందు వాడు" అనేవాళ్ళు రెండోదే చెబుతారు. రెండూ కలిపి చెప్పకపోతే మన ఆడవాళ్ళకు నష్టం.

ముందు ఈ హార్మోను ఎక్కడ పుడుతుందో చూద్దాం. పెద్దమనిషి అయిన నాటి నుంచి ముట్లు ఆగేవరకు ముఖ్యంగా అండాశయాల్లో తయారవుతుంది. కొంత ఒంట్లోని కొవ్వులో కూడా తయారవుతుంది. ముట్లు ఆగిన తర్వాత అండాశయాల పని ముగిసిపోతుంది కాబట్టి, మిగిలే కాస్త ఈస్ట్రోజెన్ ఎక్కువగా కొవ్వులో నుంచే వస్తుంది. అందుకని పెద్ద వయసులో లావు బాగా పెరిగిన స్త్రీలలో గర్భసంచి లోపలి పొర మందమై, కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ ఎరుపు కనిపిస్తే, అది ఒక్క చుక్క అయినా సరే, అదే వారంలో డాక్టరమ్మకు చూపించండి. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోవద్దు.

మరీ బక్కచిక్కినా ఇబ్బందే. కడుపుకు తిండి చాలని పిల్లకు మెదడు నుంచి అండాశయాలకు పోయే కబురు ఆగిపోతుంది, నెలసరి తప్పుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 19 మంది ఉండవలసిన బరువు కన్నా తక్కువ ఉన్నారు, 30 మంది ఎక్కువ ఉన్నారు. రక్తహీనత ఉన్నవారు 57 మందికి పైనే. ఒకే ఇంట్లో తల్లి లావుగా, కూతురు పుల్లలాగా ఉండడం మేము రోజూ చూస్తున్నాం. ఇద్దరికీ ఒకే పొడి డబ్బా పనిచేస్తుందంటే ఎట్లా నమ్మడం?

పీసీఓడీ ఉన్న ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. వీరిలో లావుగా ఉన్నవారు బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. 70 కిలోల పిల్ల మూడున్నర కిలోలు తగ్గితే చాలన్నమాట. దీనికి ఖరీదైన తిండి అక్కరలేదు. బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు మానేసి, రాత్రి అన్నం సగానికి తగ్గించి, రోజూ అరగంట గట్టిగా నడవడం. ఆ పిల్ల ఒక్కతే పథ్యం చేస్తూ, ఇంట్లో మిగతావాళ్ళు ఎదురుగా కూర్చుని మిర్చి బజ్జీలు తింటే మాత్రం జరగదు.

ఇక వాడుకలో ఉన్న మాటల గురించి. "బాయిలర్ కోడికి హార్మోన్ సూదులేస్తరు, అందుకే పిల్లలు తొందరగా పెద్దమనిషి అయితున్నరు" అని మన స్త్రీల సమాజం కూడికల్లో కూడా విన్నాను. ఆ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు తూగడానికి కారణం దాని జాతి, దానికి పెట్టే దాణా. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్కదాన్ని పట్టుకుని సూది వేసే రైతు ఎవరూ లేరు. కోళ్ళ విషయంలో నిజంగా భయపడవలసింది యాంటీబయాటిక్ మందుల వాడకం గురించి. కొలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్ళకు వాడకూడదని 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది కూడా. పిల్లలు ముందుగా పెద్దమనిషి కావడానికి పెద్ద కారణం ఒంటి బరువు. మన అమ్మమ్మల కాలం కన్నా ఇప్పటి పిల్లలకు తిండి ఎక్కువ, ఆట తక్కువ.

మీల్‌మేకర్ గురించి ఇంకో భయం. మగపిల్లలు తింటే ఆడ లక్షణాలు వస్తాయని కొందరు, రొమ్ము క్యాన్సర్ వస్తుందని కొందరు అంటారు. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థం ఉన్నమాట నిజం. అయితే దాని బలం చాలా తక్కువ. జపాన్, చైనా దేశాల్లో తరతరాలుగా సోయా తింటున్నారు. అక్కడ మగవాళ్ళు మగవాళ్ళుగానే ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు మీల్‌మేకర్ కూర వండుకుంటే మంచి మాంసకృత్తులు వస్తాయి, కొందరికి ఆవిర్లు కాస్త తగ్గుతాయి కూడా. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రం సోయాకు, మాత్రకు మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి.

అవిసె గింజలు, నువ్వులు కూడా ఇదే కోవలోవి. మంచివే, తినండి. కానీ వాటిని మందు అనుకుని డాక్టరు రాసిన మందు మానకండి. నువ్వులు వేడి అని ఆడపిల్లకు పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. విచిత్రమేమంటే పెద్దమనిషి అయిన రోజున ఆ పిల్లకే నువ్వులు, బెల్లం, కుడుకలు పెట్టే ఆచారమూ మనదే. పెద్దలు మొదలుపెట్టిన ఆ మంచి పనిని ఆ కొద్దిరోజులతో ఆపకుండా ఏడాది పొడుగునా చేస్తే బాగుండును.

పీచు చేసే మేలు కొద్దిమందికే తెలుసు. వాడకం అయిపోయిన ఈస్ట్రోజెన్‌ను కాలేయం పిత్తరసంతో కలిపి పేగుల్లోకి పంపుతుంది. తిండిలో పీచు ఉంటే అది మలంతో బయటకు పోతుంది. పీచు లేకపోతే అందులో కొంత మళ్ళీ రక్తంలోకి చేరుతుంది. జొన్న రొట్టె, పొట్టు పప్పులు, పుంటికూర, తోటకూర తినేవారికి ఈ పని దానంతట అదే జరిగిపోతుంది. కల్లు, సారా దీనికి సరిగ్గా ఎదురు పనిచేస్తాయి. మద్యం ఏ రూపంలో తాగినా స్త్రీల ఒంట్లో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, రొమ్ము క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. కల్లు చెట్టు నుంచి వచ్చింది కదా అని దానికి మినహాయింపు లేదు.

మా చిన్నతనంలో ఈ ప్రాంతంలో పొద్దున గట్క, మాపటికి జొన్న రొట్టె. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పు పట్టను. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం కూడా వస్తున్నాయి. అన్నం కడుపు నింపుతుంది. ఎముకకు మాత్రం దానివల్ల వచ్చేది దాదాపు ఏమీ లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల పేద మహిళలు ఏళ్ళ తరబడి జొన్న, సజ్జ, కొర్ర పండించి తిన్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. మన పక్క ఊరి ఆడవాళ్ళు చేసిన పనే అది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించాం. పండిన కంది అంతా మార్కెట్‌కు తోలి, ఇంట్లో పచ్చిపులుసుతో సరిపెట్టుకునే రైతు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అందులోనూ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఇంటి ఇల్లాలికి. పప్పు ముక్కలు అప్పటికి అయిపోయి ఉంటాయి.

ఎముక మాట ఎందుకు తెచ్చానంటే, ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం అది ఎముకను కాపాడుతుంది. అది తగ్గిన తర్వాత ఎముకలోని సున్నం త్వరత్వరగా కరిగిపోతుంది. పెద్దయిన స్త్రీకి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, ముట్లు ఆగినవారికి 1200 కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క ఇచ్చింది. నూరు గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, సుమారు 350 ఉంటుంది. గ్లాసు పాలలో 240 దాకా. పొట్టు తీయని నువ్వులు రెండు చెంచాలు తింటే 250 దాకా, అయితే అదంతా ఒంటికి పట్టదు. గిన్నెడు పెరుగు, గుప్పెడు మునగాకు వేసిన పప్పు కలిస్తే లెక్క దగ్గరికి వస్తుంది. తైదల అంబలి పేదవాళ్ళ తిండి అని సిగ్గుపడి బిస్కెట్లతో చాయ్ తాగేవారికి ఇందులో సగం కూడా అందదు.

ఇంతవరకు తిండి చేయగలిగిన పని. చేయలేని పని ఇప్పుడు చెప్పాలి. ఇది రాయడానికే కలం పట్టుకున్నాను.

మన దేశ స్త్రీలకు సాధారణంగా 46, 47 ఏళ్ళకు ముట్లు ఆగుతాయి. కానీ మన దగ్గరికి 34, 35 ఏళ్ళకే ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, నిద్ర పట్టకపోవడం అని వచ్చేవారున్నారు. ఎప్పుడు ఆగాయి అమ్మా అంటే "పెద్దాపరేషన్ అయ్యింది" అంటారు. ఎందుకు చేయించుకున్నారంటే తెల్లబట్ట అనో, నడుము నొప్పి అనో, "గర్భసంచిల పుండు ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అని ఎవరో చెప్పారనో. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఆ తర్వాతి సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తర్వాత అవసరం లేని ఆపరేషన్లు చేస్తున్నారని మన రాష్ట్రంలో పెద్ద విమర్శలే వచ్చాయి. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి ఒక్కటే తీస్తే ఈస్ట్రోజెన్ వెంటనే పోదు. నెలసరి ఆగుతుంది గాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, కాకపోతే కొందరిలో అవి కొన్నేళ్ళు ముందుగా అలసిపోతాయి. అండాశయాలు రెండూ తీసేస్తే మాత్రం ఆ రోజుతోనే హార్మోను పడిపోతుంది. ఆ లోటును పూడ్చగల తైదలు, అవిసెలు ఈ భూమి మీద పండవు. 35 ఏళ్ళ స్త్రీకి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందుగా రావడం అనే ప్రమాదాలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఆమె ఇంకా పత్తి ఏరవలసిన వయసులోనే ఉంటుంది.

తెల్లబట్ట చాలావరకు మామూలు సంగతి, లేదా మందులతో పోయే ఇన్‌ఫెక్షన్. ఎర్రబట్ట ఎక్కువ పోతుంటే మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ సాధనం ఉంది, రక్తం పెరగడానికి ఐరన్ ఉంది. క్యాన్సర్ ఉంటే, లేక పెద్ద గడ్డలతో రక్తస్రావం మందులకు లొంగకపోతే ఆపరేషన్ చేయించుకోవలసిందే, అప్పుడు భయపడి వెనకాడవద్దు. కానీ 40 లోపు స్త్రీకి ఆపరేషన్ అన్నప్పుడు ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో డాక్టరుకు కాగితాలు చూపించమని భర్తలకు, అత్తమామలకు మరీ మరీ చెబుతున్నాను. సంతకం పెట్టేది మీరే కదా. అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు అని అడగండి. ఈ ప్రశ్న అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు.

ఇదివరకే అండాశయాలు పోయినవారికి హార్మోన్ మాత్రలు ఉన్నాయి. 2002లో అమెరికాలో హార్మోన్ చికిత్స మీద ఒక పెద్ద పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ ప్రమాదం కనిపించిందని ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అప్పటి నుంచి ఈ మాత్రలంటే అందరికీ భయం. ఆ పరిశోధనలో ఉన్నది 50 నుంచి 79 ఏళ్ళ స్త్రీలు. 35 ఏళ్ళకే హార్మోను పోయిన స్త్రీ లెక్క వేరు. వేరే అభ్యంతరాలు లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా ఆమెకు ఈ మందు ఇవ్వడమే మంచిదని డాక్టర్లు చెబుతున్నారు. ఎవరికి తగును, ఎవరికి తగదు అనేది గైనకాలజీ డాక్టరమ్మ పరీక్ష చేసి నిర్ణయించాలి. మందుల షాపులో అడిగి కొనేది కాదు ఇది.

కాబట్టి పెద్దాపరేషన్ అయినవారు ఓపీకి వచ్చేటప్పుడు పాత డిశ్చార్జి కార్డు, బయాప్సీ కాగితం వెతికి తీసుకురండి. అండాశయాలు తీశారో ఉంచారో అందులో రాసి ఉంటుంది. కాగితాలు పోయి ఉంటే ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో రికార్డు నకలు అడగండి. అదీ దొరకకపోతే స్కానింగ్, రక్త పరీక్షతో చాలావరకు తెలుసుకోవచ్చు. అది తెలిసిన తర్వాతనే "ఏం తినాలి" అనే ప్రశ్నకు నేను మీకు జవాబు చెప్పగలను.