ముందు గ్రైండర్ కొనండి
చేతి లీవర్‌తో ఇంట్లో ఎస్ప్రెస్సో తీయాలనుకుంటే డబ్బు ముందు గ్రైండర్ మీద పెట్టండి. మెరిసే ట్యాంపర్లు, చెక్క పిడులు తర్వాత కొనుక్కోవచ్చు. 1948లో మిలాన్‌లో గజ్జా లీవర్ మెషీన్లు వచ్చినప్పటి నుంచీ ఒత్తిడికి ఎదురు నిలవాల్సింది గ్రైండర్ నుంచి వచ్చే పొడే. 18 గ్రాములు వేశాక సన్నని సూదులతో అడుగుదాకా కలిపి ఉండలు విడగొట్టండి. లేదంటే నీళ్లు ఒక పక్కనే దారి చేసుకుంటాయి, కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. ఫ్లెయిర్ లాంటి బాయిలర్ లేని లీవర్ మెషీన్లలో, ముఖ్యంగా లైట్ రోస్ట్‌కి, చాంబర్‌ను మరిగే నీళ్లతో ముందే వేడి చేయాలి. ఈ పనికి బద్ధకించకూడదు. గేజ్ 2 బార్ల దగ్గర కాసేపు ఆపి, తొలి చుక్కలు కనిపించాక 8 లేదా 9కి తీసుకెళ్లండి. తర్వాత మెల్లగా చెయ్యి సడలిస్తూ, కప్పు కింది కాటా 36 గ్రాములకు చేరగానే ఆపేయండి.